పెద్దాయనకు ఆశ లేదని నేను చెప్పిన రోజు

నేను రిటైరై రెండేళ్ళు దాటింది. ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే దారిన పోయేవాళ్ళు ఆగి నా ఆరోగ్యం అడుగుతారని మీరనుకుంటారు. అడగరు. బండి ఆపి, కాలు నేలకు ఆనించి, గొంతు కాస్త తగ్గించి అడిగేది ఒక్కటే. "ఏం సార్, మీ పెద్దాయనకు ఇంగా మంత్రి కావల్లని ఆశ ఉండాదా?"

ఈ ప్రశ్నకు నేను ఉద్యోగంలో ఉండగా ఒకసారి జవాబు చెప్పాను. అది చెప్పినందుకు ఆ తర్వాత మూడేళ్ళు తిన్నది ఒంటబట్టలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు, అందులోనూ పెద్దవాళ్ళ పక్కన నిలబడే ఉద్యోగాల్లో చేరేవాళ్ళు, చదువుతారని ఇది రాస్తున్నాను. చదివి వినకపోయినా నేనేమీ అనుకోను. మా పెద్దవాళ్ళ మాట మేమూ వినలేదు.

నా అసలు ఉద్యోగం మండల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. పెద్దాయన ఎమ్మెల్యేగా గెలిచినప్పుడల్లా నన్ను ఆయనకు పీఏగా పంపేవారు. ఓడిపోతే మళ్ళీ నా బల్ల దగ్గరికి నేను. ఓడిపోయిన అయిదేళ్ళూ ఆయన ఎవరిదో ఒకరి పింఛను కాగితం చేతబట్టుకుని మా ఆఫీసుకు వచ్చేవాడు. అందరితోపాటు వరసలో నిలబడేవాడు. "కూర్చోన్నా" అని నేను లేస్తే, "ముందొచ్చినోళ్ళ పని గానీప్పా" అనేవాడు. నియోజకవర్గం పేరు చెప్పను. అనంతపురం జిల్లాలో వాన కోసం తలెత్తి చూడని నియోజకవర్గం లేదు కాబట్టి మీరు ఏదనుకున్నా సరిపోతుంది.

ఆయన అయిదుసార్లు గెలిచాడు. ఒక్కసారి కూడా మంత్రి కాలేదు. ఆయన వెనక జెండాలు మోసినవాళ్ళు మంత్రులయ్యారు. పోలీసు బండ్లు ముందూ వెనకా పెట్టుకుని వచ్చి, ఆయన కాళ్ళకు మొక్కి, కాఫీ తాగి పోయారు. ఆయన మాత్రం ఎవరడిగినా, "మనకేం ఆశప్పా! జనం గెలిపిచ్చినారు, అది చాల్దా?" అనేవాడు. సభల్లో అనేవాడు, పెళ్ళిళ్ళలో అనేవాడు, విలేకరులతో అనేవాడు. విని విని నాకది ఆయన ఇంటిపేరంత నిజమైపోయింది.

పీఏ అంటే పెద్ద ఉద్యోగం అనుకునేరు. నా పనుల్లో ముఖ్యమైంది ఒక నోటుపుస్తకం. అందులో ఎడమ పేజీలో పెళ్ళిళ్ళు, కుడి పేజీలో చావులు. మా వైపు ఎమ్మెల్యేకి శాసనసభలో కన్నా శామియానాల కింద పని ఎక్కువ. ఒకసారి తనకల్లు వైపు ఒక ఊరికి పరామర్శకు బయలుదేరాం. ఊళ్ళో దిగగానే శామియానా కనిపించింది. పెద్ద పూలదండ చేతికిచ్చి ఆయన్ని అటు నడిపించాను. తీరా లోపలికి పోతే అక్కడ నిశ్చితార్థం జరుగుతోంది. చావు ఇల్లు వెనక వీధిలో. శవం మీద వేయాల్సిన దండ పట్టుకుని మా ఎమ్మెల్యే నిశ్చితార్థం పందిట్లో నిలబడ్డాడు. ఆయన ఒక్క క్షణం కూడా తడబడకుండా, ముందు వరసలో కుర్చీలో కూర్చున్న పిల్ల తాతగారి మెడలో దండ వేసి, "పెద్దోళ్ళని సన్మానం చేసినంకనే శుభకార్యమప్పా" అన్నాడు. ఆ ముసలాయన సంతోషానికి కళ్ళు తుడుచుకున్నాడు. కారెక్కాక నన్ను తిడతాడని చూస్తే, "ఇంగొక దండ కొను, బిరీన" అన్నాడు, అంతే.

అటువంటి మనిషి గురించి నాకు పొగరు ఉండేది. దాచిపెట్టను. మిగతా పీఏలు తమ ఎమ్మెల్యేలకు ఏ పదవి రావాలో, ఎవరిని పట్టుకోవాలో మాట్లాడుకుంటుంటే, "మా అన్నకు అయ్యేం అక్కర్లేదప్పా" అని మీసం దువ్వేవాణ్ణి.

ఆయన అయిదోసారి గెలిచినప్పుడు పార్టీ కూడా అధికారంలోకి వచ్చింది. ఆయనకు డెబ్బై మూడేళ్ళు. మంత్రివర్గం కూర్పు మొదలైంది. ఒక మధ్యాహ్నం రాజధానిలోని పార్టీ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. కోస్తా మనిషి, తెల్లటి చొక్కా, మెత్తటి మాట. తాడిపత్రిలో ఎవరినో కలిసి, బండల లారీల వెంట దుమ్ము తింటూ వచ్చానని చెప్పాడు. పెద్దాయన ఇంట్లో లేడు. ఉరవకొండ వైపు ఒక పల్లెలో పాత కార్యకర్త చనిపోతే పరామర్శకు వెళ్ళాడు. ఆ రోజు కాగితాల పని ఎక్కువుండి నేను ఇంట్లోనే ఉండిపోయాను.

వదినమ్మ, అంటే పెద్దాయన భార్య, విస్తరి వేసింది. "వద్దండి, భోజనం చేసే వచ్చాను" అన్నాడాయన. "రొండు ముద్దలు తినప్పా" అంది. "నిజంగానే వద్దండి." "ఎండన పడి వచ్చినావు, ఒక్క ముద్ద." ఆయన మళ్ళీ వద్దనేలోపు సంగటి ముద్ద, పక్కన వేరుశనగ ఊరిబిండి విస్తట్లో పడ్డాయి. పాపం తిన్నాడు. ఆ పచ్చడి కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ బాగుందన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుని విషయానికి వచ్చాడు. "ఏవండీ, మీరు ఆయన దగ్గర చాలా ఏళ్ళుగా ఉన్నారట. ఒక్క మాట చెప్పండి. జిల్లా నుంచి రెండు పేర్లున్నాయి, ఇద్దరిలో ఒకరికే చోటు. పెద్దాయనకు ఇంకా మంత్రి పదవి మీద ఆశ ఉందంటారా? ఉంటే పైన గట్టిగా చెబుతాను. లేకపోతే ఈ వయసులో ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని అడుగుతున్నాను."

నన్ను అడిగాడు! రాజధాని నుంచి వచ్చిన మనిషి, జూనియర్ అసిస్టెంటునైన నన్ను. నేను వెన్ను నిటారుగా పెట్టాను. మా యాస కూడా పక్కన పెట్టి రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పాను. "మా అన్న పదవుల కోసం రాజకీయాల్లోకి వచ్చిన మనిషి కాదు సార్. ఆయనకు అటువంటి ఆశలు లేవు."

ఆయన నా వంక చూసి, "గొప్పవారు" అన్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నమస్కారం పెట్టి కారెక్కాడు.

సాయంత్రం పెద్దాయన వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు. "పార్టీ ఆఫీసాయన ఇంటికి వచ్చినాడంటనే. నిన్నేమడిగినాడు?"

"ఏం ల్యాన్నా. నీ ఆరోగ్యం ఎట్లుండాదని అడిగినాడు."

ఎందుకు అబద్ధమాడానో అప్పుడు నాకే తెలియదు. ఆయన చెంబు కింద పెట్టి నా మొహం కొంచెంసేపు చూశాడు. "సరే" అని లోపలికి పోయాడు.

వారం తర్వాత మంత్రుల పేర్లు ప్రకటించే రోజు వచ్చింది. ఉదయం ఎనిమిదికల్లా హాలు నిండిపోయింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బయట ఒక వర్గం పటాకులు కూడా తెచ్చి పెట్టుకుంది. నేను టీవీ పెట్టి, అందరికీ మంచినీళ్ళు అందిస్తూ, "మా అన్నకు ఇయ్యన్నీ పట్టవులే" అన్న మొహం పెట్టుకుని తిరుగుతున్నాను.

అప్పుడు పెద్దాయన గదిలోంచి వచ్చాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. మడతల గీతలు ఇంకా పోలేదు. పైన కొత్త కండువా. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన చేతిలో ఫోను ఉంది. ఇన్నేళ్ళలో ఆయన ఫోను ఆయన చేతిలో నేను చూసింది లేదు. అది ఎప్పుడూ నా జేబులో ఉండేది. ఎవరు చేసినా నేను మాట్లాడి, అవసరమైతే ఆయన చెవి దగ్గర పెట్టేవాణ్ణి. ఆ రోజు పొద్దున, "ఈ పొద్దు నా కాడ ఉండనీలేప్పా" అని అడిగి తీసుకున్నాడు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆయన దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని కుర్చీలో అంచున కూర్చుంటే నాకు అర్థమైంది. ఆశ లేని మనిషి అలా కూర్చోడు.

పదింటికి టీవీలో పేర్లు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. హాలంతా లేచి నిలబడింది. ఆయన మొహం ఒక్కసారి పసిపిల్లవాడి మొహమైంది. ఫోను చెవికి పెట్టుకుని, "ఆ, చెప్పండి" అన్నాడు, ఎన్నడూ లేని మర్యాదతో.

అవతల మాట్లాడింది మా పక్క పల్లె రైతు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట.

"ఎప్పుడు కాలింది నాయనా?" అన్నాడు పెద్దాయన. గొంతు మారలేదు. "రేత్రా? ఆయిలు కారతాండాదా? దాని కింద ఎన్ని బోర్లుండాయి? ఆరా... పంట ఏం పెట్టినావు? టమోటానా? నీళ్ళు కట్టి ఎన్ని దినాలాయ?" రైతు చెప్పుకుంటూ పోతున్నాడు. ఈయన వింటున్నాడు. కళ్ళు మాత్రం టీవీ మీద ఉన్నాయి. మా జిల్లా పేరు వచ్చింది. దాని పక్కన రెండో ఆయన పేరు వచ్చింది. హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. పెద్దాయన ఫోను పెట్టేయలేదు. "బాధపడాకు. మాపుటికి కొత్తది వచ్చేటట్టు సూస్తా. నువ్వు ఆడనే ఉండు, లైన్‌మ్యాన్ వస్తాడు" అని మాట పూర్తి చేసి, అప్పుడు దించాడు.

"అందరూ టిఫిన్ తినే పోండప్పా. ఉప్మా చల్లారిపోతాది" అన్నాడు. నా వైపు తిరిగి ఫోను చాపాడు. "కరెంటోళ్ళ ఏఈకి కలుపు." అందుకున్నాను. ఫోను చెమటకు తడిసిపోయి ఉంది.

జనం వెళ్ళిపోయాక వంటింట్లోకి పోయాను. వదినమ్మ మిగిలిన ఉప్మా గిన్నెలోకి ఎత్తుతోంది. వెనక్కి తిరగకుండానే మాట్లాడింది. "నాలుగు దినాల్నుండి మీయన్న సరిగ్గా తినల్యా. ఎవురూ మనల్ని అడగల్యా సూడప్పా."

"అన్నకు ఆశ లేదు గద వదినా" అన్నాను.

"ఎవురు చెప్పినారు నీకు? ఆయనే గదా? ఆయన అన్నానికి గూడా వద్దనే అంటాడు. నలభై ఏండ్లనుండి వద్దంటాండాడు. నేను పెట్టకుండా ఉంటినా?"

గరిటె గిన్నెలో పడేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను నిలబడలేక బయటికి వచ్చేశాను. మా ప్రాంతంలో మొదటి "వద్దు" కు విలువ లేదు. చంటిబిడ్డకు కూడా ఆ సంగతి తెలుసు. ఇంటికొచ్చినవాడు వద్దంటాడు, మనం పెడతాం. రెండోసారి వద్దంటాడు, ఇంకా పెడతాం. మూడోసారి చెయ్యి అడ్డం పెడితే అప్పుడు నిజంగా వద్దని. అది తెలిసిన గడ్డ మీద పుట్టి, ఆయన మొదటి "వద్దు" ను తీసుకుపోయి, ఆ పద్ధతి తెలియని పరాయి మనిషి చేతిలో పెట్టాను.

ఇంతవరకైతే మూర్ఖత్వం. క్షమించుకోవచ్చు. అసలు సంగతి వేరే ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ పెద్దమనిషి రావడానికి కొద్దిరోజుల ముందు నా భార్య పొద్దున కాఫీ ఇస్తూ నవ్వులాటకు ఒక మాట అంది. "మీ పెద్దాయన మంత్రి అయితే నిన్నేం చేసుకుంటాడు? ఆడ పెద్ద పెద్ద ఆఫీసర్లుంటారంట. నువ్వు మళ్ళా నీ బల్ల కాడికే." నేనూ నవ్వాను. కానీ ఆ మాట ముల్లులా లోపల ఉండిపోయింది. మంత్రి పేషీలో నా ఇంగ్లీషుకు, నా చెప్పులకు చోటుండదని నాకు తెలుసు. ఆయన ఫోను ఇంకెవరి జేబులోకో పోతుంది. ఆ మధ్యాహ్నం నేను "లేవు" అన్నప్పుడు ఆ మాటలో ఆయన గొప్పతనం ఎంత ఉందో, నా భయం ఎంత ఉందో విడదీసి చెప్పమంటే ఈ రోజుకీ చెప్పలేను.

కొన్ని నెలలకు రిటైరయ్యాను. వీడ్కోలు సభలో పెద్దాయన నా గురించి పది నిమిషాలు మాట్లాడాడు. "నా నోట్లో మాట నాకంటే ముందు ఈయప్పకు తెలుస్తాది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకుంటే సిగ్గరి అనుకున్నారు.

ప్రభుత్వం వచ్చి మూడో ఏడు నడుస్తుండగా మంత్రివర్గం మారుస్తారని పేపర్లలో మొదలైంది. మళ్ళీ అదే ప్రశ్న, టీ బంకుల దగ్గర, బస్టాండులో, నా ఇంటి ముందు. ఎవరు ఆ మాటెత్తినా గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకునేవాణ్ణి. ఇక లాభం లేదని ఒక పొద్దున పెద్దాయన ఇంటికి పోయాను.

అది విత్తనాల కాలం. పంచలో కుప్ప పోసి వేరుశనగ విత్తనం కాయలు ఒలుస్తున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక పక్క, పెద్దాయన చాప మీద ఇంకో పక్క. ఎమ్మెల్యే అయినా ఆ పని మానడు. కూలీలు సరిగ్గా ఒలవరని కాదు, ఆయనకు కాయ చిట్లే చప్పుడు ఇష్టం. నేనూ కూర్చుని పిడికెడు తీసుకున్నాను. ఆడవాళ్ళు నీళ్ళకని లేచినప్పుడు చెప్పేశాను. ఆ మధ్యాహ్నం ఆ మనిషి ఏమడిగాడో, నేనేం చెప్పానో, సాయంత్రం ఆయనతో ఎలా అబద్ధమాడానో, అన్నీ.

ఆయన వేళ్ళు ఆగలేదు. కాయలు ఒలుస్తూనే నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. "దీనికేనా ఇన్ని దినాలు మొగం ముడుచుకోనుండావు? ఆయప్ప నన్నూ అడిగినాడు."

"ఎప్పుడన్నా?"

"అదే దినం. మనింట్లో తిని, నేరుగా ఆ సావింటికే వచ్చినాడు. పాడె గడతాండారు. ఆడోళ్ళు ఏడుస్తాండారు. నా పక్కన నిలబడి, ‘సార్, మంత్రి పదవి మీద ఆశ ఉందా’ అని చెవులో అడిగె. శవం ముందర నిలబడి, ‘ఉండాది, ఇప్పీండి’ అనమంటావా? ‘నాకేం ఆశప్పా’ అంటి. ఇంగొక తూరి అడుగుతాడులే అనుకుంటి. ‘గొప్పవారు’ అనె, కారెక్కె, పాయె."

నాకూ నవ్వొచ్చేసింది. "మల్ల ఆ సాయంత్రం నన్నేంటికి అడిగినావన్నా?"

"నువ్వన్నా నిజం చెప్పినావేమో, ‘మా యన్నకు పానమంతా దాని మీదనే ఉండాది’ అన్నావేమో అని."

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. ఇది కూడా చెప్పేయకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని, మిగిలింది కూడా చెప్పాను. నా భార్య అన్న మాట, నా భయం, ఆయన మంత్రి అయితే నన్ను పక్కన పెడతారన్న దిగులు. చెబుతుంటే నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

ఈసారి ఆయన వేళ్ళు ఆగాయి. వాకిట్లో కోడి ఒకటి ఒలిచిన గింజల వైపు వస్తే దాన్ని కూడా తోలలేదు. చివరికి అన్నాడు. "అది మాత్రం తప్పేప్పా."

"తప్పేన్నా."

"నేను విజయవాడ పోయినా, ఢిల్లీ పోయినా, ఫోను నీ కాడనే ఉండేది. నీకా మాత్రం తెలీకపాయనే."

నేను తల వంచుకుని ఏడ్చాను. అరవై దాటిన మనిషిని, సిగ్గు లేకుండా. ఆయన ఓదార్చలేదు. అది ఆయన పద్ధతి కాదు. ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచి, లోపలికి పోయి, లెటర్ ప్యాడు, పెన్నూ తెచ్చి నా ముందు పడేశాడు. "తప్పు జేసినావు గదా. రాయి."

"ఎవరికన్నా?"

"ముఖ్యమంత్రికి. నాకు మంత్రి పదవి కావల్లని రాయి."

ఆయన పేరు మీద నేను వేల ఉత్తరాలు రాశాను. బదిలీలకు, పింఛన్లకు, బోర్లకు, బడిగదులకు. ఒక్కటి కూడా ఆయన కోసం రాయలేదని అప్పుడు తట్టింది. చెయ్యి అలవాటు కొద్దీ మొదలుపెట్టింది. "నియోజకవర్గ ప్రజల కోరిక మేరకు..." చదివి వినిపించాను.

"ప్రజలేమీ కోరల్యా. వాళ్ళకు నీళ్ళు గావాల. కోరింది నేను. అట్లనే రాయి."

కొట్టేసి కొత్త కాగితం తీశాను. "నాకు మంత్రిగా పనిచేయాలని ఉంది. పరిశీలించగలరు" అని రాశాను.

"పరిశీలించగలరు అంటే అవతలోళ్ళు ఏం జేస్తారో నీకు తెలీదా? ఫైల్లో పెడతారు. మనం పని కావాల్సినోళ్ళకు అట్లా రాస్తిమా ఎప్పుడన్నా?" అన్నాడు. నిజమే. మా ఆఫీసు భాషలో ఆ మాట వదిలించుకోవాల్సిన వాళ్ళ కోసం రాసేది. మూడో కాగితం తీశాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. "అయిదుసార్లు గెలిచినాను. ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నాకు మంత్రి పదవి కావాలి." అంతే, నాలుగు ముక్కలు.

వదినమ్మ గడపలో నిలబడి వింటోంది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇన్నేండ్లకు నోరు తెరిచినావు" అంది.

ఆయన సిగ్గుపడ్డాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, చెవులు ఎర్రబడేలా సిగ్గుపడ్డాడు. సంతకం పెట్టబోయి ఆగి, కాగితం నా వైపు జరిపాడు. "కావాలి కింద గీత గీయప్పా." గీశాను. "ఇంగొకటి." ఇంకోటి గీశాను. అప్పుడు సంతకం పెట్టాడు.

ఉత్తరం పోస్టులో వేయలేదు. ఆయనే రాజధానికి తీసుకుపోయాడు, నన్ను వెంటబెట్టుకుని. ముఖ్యమంత్రి అందరినీ కలిసే వేళ వరసలో నిలబడ్డాం. మా ముందు కుర్ర ఎమ్మెల్యేలు బొకేలు, శాలువాలు పట్టుకుని ఉన్నారు. "ముందుకు రండి సార్" అంటే, "ముందున్నోళ్ళ పని గానీండప్పా" అన్నాడు. వంతు రాగానే కవరు చేతికిచ్చి, నేను భయపడినట్టు మొహమాటపడకుండా, "నా కోసమే అడగడానికి వచ్చినా" అన్నాడు. ముఖ్యమంత్రి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "చూద్దాం అన్నా" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో మాకిద్దరికీ తెలుసు. తిరుగు ప్రయాణంలో గుత్తి దాటాక మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాడు నాకు.

కొత్త మంత్రుల పేర్లు చెప్పిన రోజు హాల్లో ఎవ్వరూ లేరు. జనానికి ఆ ఆశ ఎప్పుడో పోయింది. పెద్దాయన, వదినమ్మ, నేను. ఆయన రోజూ కట్టే పాత పంచెలోనే ఉన్నాడు. ఫోను నా జేబులో పెట్టాడు. రిటైరైన మనిషి జేబులో.

టీవీలో ఒక్కో పేరూ వచ్చింది. మా జిల్లా పేరు వచ్చింది. పక్కన మన పేరు లేదు. ఫోను మోగలేదు. మొత్తం జాబితా అయిపోయి వ్యాపార ప్రకటనలు మొదలయ్యేదాకా ముగ్గురం కదలకుండా చూశాం. వదినమ్మ లేచి టీవీ ఆపేసింది. నాకు దుఃఖం ఆగలేదు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"నువ్వేడ్సేదేంటికప్పా? పదవి రానిది నాకు" అన్నాడు పెద్దాయన.

"అప్పుడు నేను ఆ మాట అనకపోయుంటే..."

"అప్పుడు మనమే లేదంటిమి. ఈ తూరి లేదన్నది వాళ్ళు. నాకు దీంతో నిద్ర పడతాది." వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. మొహంలో బాధ ఉంది. అది దాచుకునే ప్రయత్నం ఇప్పుడు చేయలేదు, దాన్ని చూసి నేను ఆయన్ని ఎప్పటికన్నా ఎక్కువగా ప్రేమించాను. వదినమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, మీసం తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు కాస్త వంగాడు.

"అవునప్పా, మళ్ళా ఎప్పుడు మారుస్తారంట?"